పిల్లగాని పక్కన ఒక మనిషి ఉండాలె



ఎప్పుడూ పత్తి గురించో, కంది గురించో, బోర్ల గురించో రాస్తుంట. ఈసారి చిన్నపిల్లల గురించి రాస్తున్న. పోస్టు పొడుగే ఉన్నది. పొద్దుగూకి, పని అయిపోయి కూసున్నప్పుడు చదవండి. కానీ దసరా లోపల చదవండి. దసరా దాటినంక ఈ ముచ్చట చెప్పినా పనికిరాదు.

మన దిక్కు దసరా అంటే జమ్మి, పాలపిట్ట ఒక్కటే కాదు. మూటలు కట్టుకునే కాలం కూడా అప్పటి నుంచే మొదలైతది. వానకాలం పంట చేతికొచ్చినా రాకున్నా, ఆ తర్వాత చెల్క భూములల్ల పని ఉండదు. నారాయణపేట, కోస్గి, మద్దూరు, మక్తల్ దిక్కు నుంచి బొంబాయి, పూనా పోతరు. మా దేవరకొండ, డిండి, అచ్చంపేట దిక్కు ఊర్ల నుంచి, తండాల నుంచి హైదరాబాద్ పోతరు. మన నల్లగొండ చేనేతోళ్లు భివండి మగ్గాల కాడికి పోయిన కథ అందరికీ ఎరుకే. దేశంల యాడ ప్రాజెక్టు కట్టినా మట్టి ఎత్తింది పాలమూరు లేబరే అని మనకొక పేరు పడ్డది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ నీళ్లు అందిన కాడ వలస తగ్గింది, సంతోషం. నీళ్లు అందని మెట్ట ఊర్లల్ల ఇంకా నడుస్తనే ఉన్నది.

పోయే ముందు మనం అన్నీ మాట్లాడుకుంటం. మేస్త్రీ అడ్వాన్సు ఎంత ఇచ్చిండు, యాడ పని, ఎన్ని నెలలు, బర్రెను ఎవలు చూస్తరు, తాళం చెవి ఎవలకియ్యాలె. పిల్లగాని ముచ్చట వచ్చేసరికి మాత్రం రెండు మాటలతోని తెంపేస్తం. "ముసలమ్మ ఉన్నది గద, చూసుకుంటది. వానికీ జర గట్టితనం వస్తది తీయ్."

ఆ రెండో మాట మీదనే నా పోరు. కష్టపడితే పిల్లలకు గట్టితనం వస్తదనే మాట తప్పు. కష్టంల పక్కన ఒక మనిషి నిలబడితేనే గట్టితనం వస్తది. ఈ రెండిటికీ చానా తేడా ఉన్నది.

రైతులం కాబట్టి మన లెక్కల్నే చెప్త. వానలు ఎగ్గొట్టిన ఏడు కంది చేను చూడండి. పక్కన మక్క ఎండిపోతది, పెసర మాడిపోతది, కంది నిలబడతది. దాన్ని చూసి "ఎండ మంచిది, ఎండతోనే ఈ చెట్టు గట్టిపడ్డది" అని ఏ రైతన్నా అంటడా? అనడు. దాని వేరు లోతుకు పోయింది, అడుగున ఇంత తేమ దొరికింది, అందుకే నిలబడ్డదని మనకు తెలుసు. పిల్లలు కూడా అంతే. పైన ఎంత ఎండ కొట్టినా, అడుగున తేమ ఉంటే నిలబడతరు. ఆ తేమ ఒక మనిషి.

"మేం ఇట్లనే పెరిగినం, మాకేమైంది?" అని చానామంది అంటరు. ఆ మాట చెప్పేది నిలబడ్డోళ్లే. నాలుగో తరగతిల బడి బందు పెట్టినోడు, మీసం రాకముందే కల్లు దుకాణం మరిగినోడు, పద్నాలుగేండ్లకే పెండ్లి చేసి పంపిన ఆడపిల్ల వచ్చి మనకు చెప్పరు. మొలిచిన మొక్కలనే లెక్కపెట్టి విత్తనం మంచిదంటే ఎట్ల? మొలవని గుంతలను కూడా లెక్కపెట్టాలె.

ఇది నా ఒక్కని మాట కాదు. మా బిడ్డ బీఈడీ చదివేటప్పుడు ఒక ముచ్చట చెప్పింది. అమెరికా కింద హవాయి దీవులున్నయి. అందుల కవాయ్ అని ఒక దీవి. చెరకు తోటలల్ల, అనాస తోటలల్ల కూలి చేసుకోవడానికి వేరే దేశాల నుంచి వలసొచ్చినోళ్ల కుటుంబాలు ఆడ ఎక్కువ. అంటే మన అసొంటోళ్లే. ఎమ్మీ వెర్నర్ అనే ఒక మేడం, ఆమెతోటోళ్లు కలిసి 1955ల ఆ దీవిల పుట్టిన 698 మంది పిల్లలను, వాళ్లకు నలభై ఏండ్లు వచ్చేదాక విడవకుండ గమనించిన్రు. ఆ పిల్లలల్ల మూడో వంతు మంది బాగా కష్టాలున్న ఇండ్లల్ల పుట్టినోళ్లు. పేదరికం, కాన్పుల ఇబ్బంది, ఇంట్ల కొట్లాటలు, తాగుడు, తల్లికో తండ్రికో మనసు బాగలేకపోవుడు ఇట్ల నాలుగైదు కష్టాలు ఒక్కసారే ఉన్నోళ్లు. వాళ్లల్ల ఎక్కువ మందికి పెరిగేకొద్ది చదువుల్నో, నడతల్నో ఇబ్బందులు వచ్చినయి. కానీ మూడో వంతు మంది మాత్రం చక్కగ పెరిగి, పని చేసుకొని, సంసారాలు చేసుకున్నరు.

వాళ్లకు ఏం కలిసొచ్చిందని చూస్తే అది డబ్బు కాదు. వాళ్లను విడవకుండ పట్టించుకున్న మనిషి కనీసం ఒక్కరున్నరు. అమ్మమ్మనో, తాతనో, పెద్దక్కనో, పక్కింటామెనో, బడి పంతులో. ఇంకోటి, ఇంట్ల వాళ్ల చేతుల ఒక చిన్న బాధ్యత ఉన్నది. "నేను లేకుంటే ఈ పని ఆగుతది" అనే నమ్మకం ఉన్నది. మూడో ముచ్చట కూడా ఉన్నది. పదిహేను, పదహారేండ్లప్పుడు దారి తప్పినోళ్లల్ల కూడా చానామంది, తర్వాత ఒక మంచి పనో, మంచి తోడో, మళ్ల చదువుకునే అవకాశమో దొరికినంక ముప్పై నలభై ఏండ్లకు కుదుటపడ్డరు. కాబట్టి "వాడు ఇగ చెడిపోయిండు" అని ఎవల్నీ వదిలెయ్యొద్దు.

మనకు కూడా ఇట్లాంటి మనిషి ఒకప్పుడు ఉండె. వాడకట్టుల ఎవలింట్ల తిన్నా తిన్నట్టే. కింద పడితే ఎవలన్న లేపుతుండె. పెద్దమ్మ, చిన్నమ్మ, మేనత్త, మేనమామ అందరు కేకేస్తే వినపడేంత దూరంల ఉండె. ఎవలూ ఏర్పాటు చెయ్యలె, దానంతట అదే ఉండె. ఇయ్యాల పెద్దమ్మ ఉప్పల్‌ల ఉన్నది, మేనమామ పూనాల ఉన్నడు, పక్కిల్లు తాళం ఉన్నది.

అట్లని ఆ కాలం బంగారమని నేను అనను. అప్పటి వాడకట్టు కులం గీత దాటని వాడకట్టే. ఆ కాలంలనే ఏడెనిమిదేండ్ల పిల్లగాండ్లను దొరల కాడ, పెద్దరైతుల కాడ పశులు కాయడానికి జీతం పెట్టిన్రు. మన సుద్దాల హనుమంతు గారు పశులు కాసే పిల్లగాని మీద పాట కట్టిండంటే, ఆ బతుకు ఊరూరా కండ్ల ముందు ఉన్నది కాబట్టే కట్టిండు. కాబట్టి "పాత రోజులు మళ్ల రావాలె" అని కూసుంటే కాదు. పాత కాలంల మంచి దానంతట అదే జరిగినట్టే చెడు కూడా దానంతట అదే జరిగింది. ఇప్పుడు మంచి జరగాలంటే ఊరు కూసొని అనుకోవాలె.

ఊరు అనుకుంటే ఎట్లుంటదో మన పక్క జిల్లాల్నే చూసినం. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాల శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు జీతం ఉన్న పిల్లలను, పనికి పోయే పిల్లలను తీసుకొచ్చి, క్యాంపులల్ల పెట్టి చదువు అందుకునేటట్టు చేసి, వయసుకు తగ్గ తరగతిల కూసోబెట్టిన్రు. తర్వాత ఆ పని మన నల్లగొండ జిల్లాకు కూడా వచ్చింది. ఆమెకు 2003ల రామన్ మెగసెసే అవార్డు కూడా వచ్చింది. బయటి నుంచి వచ్చినోళ్లు ఒక్కళ్లే చేస్తే ఆ పని నాలుగు రోజులు నడిచి ఆగిపోయేది. సర్పంచు, పంతుళ్లు, యువకులు, తల్లులు కూసొని "మన ఊరి పిల్లలు పనికి పోవద్దు, బడిల ఉండాలె" అని ఒక మాట మీదికి వచ్చిన కాడ నిలబడ్డది. పిల్లలను పనికి పంపుడు తప్పు అని ఊరు అనుకున్నది కాబట్టి తప్పు అయ్యింది. అట్లనే పిల్లగాన్ని ఒంటరిగ వదిలిపోవుడు కూడా తప్పు అని ఊరు అనుకోవాలె.

ఇంకొక ఇల్లు గురించి చెప్పాలె, రాయడానికి చెయ్యి ఆడుతలేదు. రైతు చనిపోయిన ఇల్లు. అప్పులకో, జబ్బుకో, కరెంటు షాకుకో. మన రాష్ట్రంల 2018 ఆగస్టు 15 నుంచి రైతు బీమా వచ్చింది. ఐదు లక్షలు ఇంటికి వచ్చినయంటే ఆ ఇంటికి ఎంతో ఆసరా. కానీ పిల్లగాని పక్కన కూసునే మనిషి ఏ పథకంల రాడు. దినాల నాడు అందరం పోతం. ఆరేండ్ల పిల్లగాని నెత్తి మీద చెయ్యి పెట్టి "ఇగ ఇంటికి పెద్ద నువ్వే బిడ్డా, అమ్మను నువ్వే చూసుకోవాలె" అంటం. ప్రేమతోనే అంటం. కానీ ఆ మాట ఎంత బరువో ఆలోచించిన్రా? లాగు గుండీ పెట్టుకోరాని పిల్లగాని మీద ఇల్లు పెడుతున్నం. దానికి బదులు "నేను ఉన్న బిడ్డా, బడికి నేను తోలుకపోత" అని ఒక్కరు అనాలె, అన్నట్టే రేపు పొద్దుగాల రావాలె. నాలుగు రోజులు కాదు, ఏడాది రావాలె.

సరే, ఏం చెయ్యాలెనో చెప్పు అంటరు. నాకు తోచింది రాస్తున్న.

ఒకటి. పిల్లలను ఊర్ల వదిలి పోయేటోళ్లు, పోయే ముందే ఒక మనిషిని అడిగి పెట్టుకోండి. ముసలమ్మ ఉన్నా సరే, ఇంకో మనిషి కావాలె. రోజుకు ఒక్కసారి పిల్లగాన్ని కంటితోని చూసి, "తిన్నవా, బడికి పోయినవా, ఎందుకు అట్లున్నవ్" అని అడిగే మనిషి. ఆ మనిషి ఎవలో పిల్లగానికి చెప్పండి, అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి, బడిల చెప్పండి. మనిషి అంటే ఎవడన్న ఒకడు కాదు. మీకు చానా ఏండ్ల నుంచి ఎరుక ఉన్న ఇల్లు, ఆడమనిషి ఉన్న ఇల్లు చూసుకోండి. ముఖ్యంగ ఆడపిల్లల విషయంల. పిల్లలకు ఏదన్న ఆపద వస్తే 1098కు ఫోన్ చెయ్యొచ్చని ఇంట్ల గోడ మీద రాసిపెట్టండి.

రెండు. పిల్లగాడు నిద్రపోతున్నప్పుడు దొంగల లెక్క బస్సెక్కి పోవద్దు. ఏడుస్తడని అట్ల చేస్తరు, నాకు తెలుసు. కానీ పొద్దుగాల లేచి చూస్తే అమ్మ లేకుంటే, ఆ పిల్లగానికి తర్వాత నిద్రంటేనే భయం పట్టుకుంటది. ఏడిస్తే ఏడవనియ్యండి. "సంక్రాంతికి వస్తం, మళ్ల పోతం, ఉగాదికి వచ్చి ఉంటం" అని నిజం చెప్పండి. పండుగల లెక్క పిల్లలకు అర్థమైతది. రాలేకుంటే రాలేనని ముందే చెప్పండి. పిల్లలు కష్టాన్ని తట్టుకుంటరు, మోసాన్ని తట్టుకోరు.

మూడు. ఫోన్. ఎప్పుడో ఒకప్పుడు చేసుడు కాదు, ఒక టైము పెట్టుకోండి. రాత్రి ఏడున్నర అంటే ఏడున్నర. పిల్లగాడు ఆ ఏడున్నర కోసం పొద్దంత నిలబడతడు. ఫోన్‌ల "మంచిగ చదువుతున్నవా, అల్లరి చేస్తలేవు గద" అని పోలీసుల లెక్క అడగకండి. "ఇయ్యాల ఏం కూర, దోస్తు ఎవడు, బర్రె ఈనిందా" అని అడగండి.

నాలుగు. ఏడిస్తే ఎక్కిరియ్యొద్దు. "ఏడ్చే మగవాన్ని నమ్మొద్దు" అని మనకొక సామెత ఉన్నది. ఐదేండ్ల పిల్లగాన్ని పట్టుకొని ఆ సామెత చెప్తం. ఏడుపు ఆపితే బాధ పోదు, లోపలికి పోతది. పెద్దయినంక కోపంగనో, తాగుడుగనో బయటికొస్తది. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఇంకోటి చెప్పి కొడతం. మొక్కను వంచాలంటే కట్టె ఊతం పెట్టి, మెత్తటి తాడుతోని కడతం. కట్టెతోని కొట్టం గద. కొడితే వంగదు, ఇరుగుతది.

ఐదు. పని చెప్పండి, కానీ పిల్లల పని చెప్పండి. కోళ్లకు గింజలు వేసుడు, తాతకు మందు గోలీ గుర్తుచేసుడు, చెల్లెను అంగన్‌వాడీకి చెయ్యి పట్టుకొని తోలుకపోవుడు. చేసినంక "నువ్వు ఉన్నవు కాబట్టి అయ్యింది" అనండి. దానితోని నమ్మకం వస్తది. పత్తి ఏరుడు, మందు కొట్టే చేన్లకు తోలుడు, బడి మాన్పించి బర్రెల వెంట పంపుడు మాత్రం పిల్లల పని కాదు.

ఆరు. అంగన్‌వాడీని గుడ్ల కోసమే అనుకోవద్దు. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ అని మొదలైన ఈ పథకంల తిండి ఎంత ముఖ్యమో, మూడేండ్ల నుంచి ఆరేండ్ల పిల్లలకు ఆట పాట కూడా అంతే ముఖ్యం. అమ్మ నాయిన ఊర్ల లేని పిల్లకు, రోజూ అదే టైముకు, అదే టీచర్, అదే ఆయా, అదే చాప, అదే పాట ఉండుడు పెద్ద మందు. రేపు ఏమైతదో తెలిసిన పిల్లకు భయం తక్కువుంటది. ఆ సెంటర్ తాళం పడితే "టీచర్‌కు మీటింగు ఉన్నదట" అని ఊకోకండి, పంచాయతీల అడగండి. అట్లనే ఆ టీచర్‌కు లెక్కలు రాసే పనే పొద్దంత పెడితే, పిల్లలతోని కూసునేది ఎప్పుడని కూడా అడగండి.

ఏడు. వెంట తీసుకపోయేటోళ్లు. పాలు తాగే పిల్లను వదిలిపోవుడు కుదరదు, ఎరుకే. కానీ ఇటుక బట్టీ కాడ, బిల్డింగు కాడ ఐదారు కుటుంబాలు ఉంటే, రోజుకొక ఆడమనిషి పిల్లల కాడ ఉండేటట్టు మేస్త్రీతోని పోయే ముందే మాట్లాడుకోండి. ఇదేం కొత్త కోరిక కాదు. 2005 ఉపాధి హామీ చట్టంల్నే రాసిన్రు: పని కాడికి ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకన్న ఎక్కువో వస్తే, వాళ్లను చూడడానికి ఒక ఆడమనిషిని పెట్టాలె, ఆమెకూ కూలి ఇయ్యాలె అని. సర్కారు పనికి ఆ నీతి ఉన్నప్పుడు మేస్త్రీ పనికి ఎందుకుండొద్దు? బడి వయసు పిల్లలైతే వెంట తీసుకపోకండి. మన పాలమూరుల సర్వశిక్షా అభియాన్ కింద వలస పోయేటోళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టిన్రు. అట్లాంటివి మన మండలంల ఉండాలని, దసరా ముందే తెరవాలని అడుగుదాం. సంక్రాంతికి తెరిస్తే పిల్లలు అప్పటికే బట్టీల కాడ ఉంటరు.

ఇగ ముసలమ్మల ముచ్చట. నాకు అన్నిటికన్న ఎక్కువ బాధ ఆడ్నే ఉన్నది. మోకాళ్ల నొప్పులతోని లేవలేని అవ్వ మీద ముగ్గురు పిల్లలను పెట్టి పోతున్నం. ఆమెకు పింఛను పైసలు వస్తయి, అందుల్నే మందు గోలీలు, అందుల్నే పిల్లల బిస్కెట్లు. ఆమెకు జ్వరమొస్తే ఆ పిల్లలకు గంజి కాసేది ఎవలు? మా ఊర్ల ఒక ఏడు చూసిన. అవ్వ మంచం పట్టింది, తొమ్మిదేండ్ల ఆడపిల్ల బడి బందు పెట్టి అవ్వకూ తమ్మునికీ ఇద్దరికీ తల్లైంది. అందరు ఆ పిల్లను మెచ్చుకున్నరు, "ఎంత గట్టి పిల్ల" అని. పక్కింటామె ఒక్కతి మాత్రం మెచ్చుకోలె. పొద్దుగాల వచ్చి పొయ్యి వెలిగించి, జడేసి, "నడువ్ బడికి" అన్నది. ఇరవై రోజులు అట్లనే వచ్చింది. ఆ పిల్ల ఇయ్యాల ఇంటర్ చదువుతున్నది. మనం మెచ్చుకున్నందుకు కాదు, ఆమె జడేసినందుకు. అందుకే చెప్తున్న, పిల్లలను చూసే ముసలోళ్లను చూసే మనిషి కూడా కావాలె.

"ఎవల పనులు వాళ్లకే ఉన్నయి, పరాయి పిల్లలను ఎవలు చూస్తరు?" అంటరు. మంచిదే. కానీ మనం బదలు పనికి పోతం గద. మీ చేన్ల నేను నాటేస్త, నా చేన్ల మీరు నాటెయ్యాలె. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు, అయినా ఎవలూ ఎగ్గొట్టరు. పిల్లల విషయంల కూడా అదే బదలు. ఈ ఏడు నేను ఊర్ల ఉన్న, మీ పిల్లగాన్ని చూస్త. వచ్చే ఏడు నేను పోతే నా మనమన్ని మీరు చూడాలె. కులం, తండా, ఊరు అని గీతలు పెట్టకుంటే ఇది ఎప్పుడో అయిపోయే పని.

ఖర్చు కూడా ఏం లేదు. దసరా ముందు ఒక్క పొద్దు గ్రామసభల గానీ, బతుకమ్మ ఆడే కాడ గానీ కూసోవాలె. పది రూపాయల నోటుబుక్కు ఒకటి తీసుకోవాలె. ఒక దిక్కు ఈ ఏడు తల్లిదండ్రులు పోతున్న పిల్లల పేర్లు, ఒక దిక్కు వాళ్లను చూసే మనిషి పేరు, ఫోన్ నెంబరు. ఆ బుక్కు అంగన్‌వాడీల ఉండాలె, ఒక కాపీ పంచాయతీల ఉండాలె. నెలకొకసారి తీసి చదవాలె. పిల్ల పేరు పక్కన ఖాళీ ఉంటే ఆ ఖాళీ నిండేదాక ఊరు సభ లేవొద్దు.

మేస్త్రీ అడ్వాన్సు పైసలు చేతుల పెట్టిననాడే, ఆ పైసలు లెక్కపెట్టుకునే ముందు, ఒక్కసారి పక్కింటికి పోయి "అక్కా, మా పిల్లగాన్ని జర చూస్తవా" అని అడగండి. ఊర్ల ఉండేటోళ్లు, వాళ్లు వచ్చి అడిగేదాక ఆగకండి. మీరే పోయి "మీ పిల్లగాన్ని నేను చూస్త, పోయి రాండ్రి" అని చెప్పండి.